తలుపు మీది కొలత

ఆయన ఇంజనీరు కాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ సుఖం, మీకూ సుఖం. పదో తరగతి రెండుసార్లు రాసి, మూడోసారి రాయడానికి సిగ్గుపడి, డాబాల మీద టీవీ తీగలు లాగే పనిలో చేరిన మనిషి. ఒకనాడు ఒక లెక్కల మాస్టారి ఇంట్లో బొమ్మ రాకపోతే, టీవీ వెనక తీగ ఊడదీసి, మొన పళ్ళతో కొరికి, మళ్ళీ బిగించాడు. బొమ్మ వచ్చింది. మాస్టారు నవ్వి, "ఇంజనీరు గారూ, మీ పళ్ళకో దండం" అన్నారు. అది వేళాకోళం. వేళాకోళమని ఆయనకీ తెలుసు. కానీ నాలుగు రోజులయ్యేసరికి చుట్టుపక్కల వాళ్ళు వేళాకోళం వదిలేసి పేరు మాత్రం ఉంచుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆరు వీధులకీ ఆయన ఇంజనీరు గారు.

విజిటింగ్ కార్డులు వేయించుకునేటప్పుడు ప్రెస్సాయన, "పేరు కింద డిగ్రీ ఏం వేయమంటారు?" అని అడిగితే, "ఎందుకు లెండి, కార్డు చిన్నది" అన్నాడు. చూశారా, అబద్ధం ఆడలేదు. కార్డు నిజంగానే చిన్నది. ఆయనకి మొదటినుంచీ ఉన్న జబ్బు ఇదే. అబద్ధం చెప్పడు, నిజాన్ని సగంలో ఆపేసి ఊరుకుంటాడు.

టీవీ తీగల రోజులు పోయి ఇంటర్నెట్ రోజులు వచ్చాక, ఆయన చిన్నాన్న కూతురు ఒక చిన్న నెట్ కంపెనీ పెట్టింది. తొమ్మిది వందల కనెక్షన్లు. ఆఫీసు మూడు గదులు. ముందు గదిలో ఫోను, మధ్య గదిలో చెల్లెలి బల్ల, వెనక ఒకప్పుడు ఇంటి సామాన్లు పడేసుకున్న ఇరుకు గది. ఆ ఇరుకు గదే మిషన్ గది. అందులో గోడకి, ఛాతీ ఎత్తున, ఒక ఇనప క్యాబినెట్ బిగించి ఉంటుంది. దాని నిండా ఆకుపచ్చ దీపాలు మినుకుమినుకుమనే పెట్టెలు, వాటిలోంచి వేలాడే తీగలు.

ఆయన్ని తీసిపారేయడానికి లేదు, పనిమంతుడే. ఏ తీగ ఏ ఇంటిదో చేత్తో తడిమి చెప్పగలడు. ఆ ఆఫీసుకి ఒక కట్టుబాటు నేర్పింది కూడా ఆయనే. ఒకసారి తొందరలో తప్పు తీగ పీకి, పరీక్షా ఫలితాలు వచ్చే రోజున ఒక వీధి మొత్తానికి నెట్ లేకుండా చేశాడు. వీధి వీధంతా వచ్చి ఆఫీసు ముందు నిలబడింది. అప్పటినుంచి, ఏం మార్చినా ఏం కొలిచినా, క్యాబినెట్ తలుపు లోపలివైపు తెల్ల టేపు ముక్క అంటించి దాని మీద రాయాలి. తేదీ వేయాలి, పొడి అక్షరం పెట్టాలి. చూసినవాళ్ళు కింద టిక్కు పెట్టాలి. "తలుపు మీద రాస్తే ఇక నోరు తెరవక్కర్లేదు, తలుపే చెబుతుంది" అనేవాడు కొత్తగా చేరిన ప్రతివాళ్ళతోనూ. ఆయన టిక్కు ఎక్కడున్నా ఇట్టే పట్టేయొచ్చు. తోక పొడుగ్గా లాగి, చివర కొడవలిలా వంచుతాడు.

ఇక సర్వరు సంగతి. పాత సర్వరంటే నిజానికి ఎవరింట్లోనో వాడి వదిలేసిన కంప్యూటరు. ముక్కాలి పీట మీద పక్కకి తిప్పి పడుకోబెట్టారు. ఎవరు నెట్ వాడుకోవాలన్నా ముందు అది "ఈయన మనవాడే, ఇంత వేగం ఇవ్వండి" అని లోపలికి వదలాలి. ఎండ ముదిరితే దానికి ఒళ్ళు కాగిపోయేది. అది కూలబడితే తొమ్మిది వందల ఇళ్ళూ గుమ్మం బయటే. ఒక్క వారంలో అది నాలుగుసార్లు పడ్డాక, చెల్లెలు ఆయన్ని పిలిచింది.

"అన్నయ్యా, ఇక అతుకులు చాలు. మంచి సర్వరు కొందాం. ఏది కొనాలో నువ్వే తేల్చు. నువ్వు ఏదంటే అదే."

ఆ చివరి మాటకి ఆయన రెండంగుళాలు పెరిగాడు.

రెండు వారాలు కాగితాల కట్టలు ఇంటికి మోసుకెళ్ళాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. మాట మాటకీ డిక్షనరీ తిప్పి, రూళ్ళ పుస్తకంలో రాసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, చాలావరకు సరిగ్గానే ఎంచాడు. కరెంటు రెండు దారుల్లో తీసుకునేది కావాలన్నాడు, ఒకటి పోతే రెండోది మోస్తుంది కాబట్టి. డిస్కులు జంటగా ఉండాలన్నాడు, ఒకటి రాసుకున్నదల్లా రెండోది కూడా రాసుకోవాలి. తన తప్పు తానే పట్టుకుని దిద్దుకునే మెమొరీ ఉండాలన్నాడు. ఈ మెమొరీ సంగతి ఆఫీసులో ఒక్కొక్కరికీ రెండేసిసార్లు చెప్పాడు. "మనుషులకి లేని బుద్ధి దానికుంది" అని కూడా అన్నాడు, పాపం.

ముందు గదిలో ఫోన్ ఎత్తే ఆవిడని అందరూ ఫోనక్క అంటారు. ముప్పై అయిదు దాటిన మనిషి, బడికెళ్ళే కూతురు ఉంది. నాలుగేళ్ళుగా జనం తిట్లు వింటూ వింటూనే ఏ వీధి పెట్టె ఏ వేళకి మొరాయిస్తుందో కంఠతా పట్టింది. ఫోన్ పెట్టేసి మిషన్ గది గుమ్మంలో నిలబడి చూస్తుండేది. చెల్లెలు అది గమనించి, "కొత్త సర్వరు రానీ, ఫోన్‌కి ఇంకొకర్ని పెట్టి నిన్ను లోపలికి తీసుకుంటాను" అని మాటిచ్చింది. ఫోనక్క ఆ రోజే ఒక కొత్త నోటుపుస్తకం కొని, అట్ట వేసి, సొరుగులో పెట్టుకుంది.

ఆర్డర్ ఇచ్చే రోజు సరఫరా కంపెనీ మనిషి వచ్చి మధ్య గదిలో కూర్చున్నాడు. సర్వరు కాగితం బల్ల మీద ఉంది. ఫోనక్క ఏదో పని మీద లోపలికొచ్చి, ఆ కాగితం అడుగున చివరి వరస చూసింది.

"ఇంజనీరు గారూ, ఇది లోతు చాలా ఉన్నట్టుందండీ. మన క్యాబినెట్‌లో పడుతుందా?"

బయటి మనిషి ముందు, అందులోనూ చెల్లెలి ముందు. ఆయనకి చుర్రుమంది.

"చూడమ్మా, ఇలాంటి క్యాబినెట్‌నే రాక్ అంటారు. రాక్ అంటే ప్రపంచమంతా ఒకటే కొలత. ఇది రాక్‌లో పెట్టడానికే పుట్టిన సర్వరు. నువ్వు ఫోన్ సంగతి చూసుకో."

సరఫరా మనిషి మర్యాదకి నవ్వాడు. ఫోనక్క వెళ్ళిపోయింది.

వెడల్పు ప్రపంచమంతా ఒకటే, నిజమే. ఎత్తుకీ లెక్కుంది. లోతు మాత్రం ఎవరిష్టం వాళ్ళది. అన్నేళ్ళూ ఆ క్యాబినెట్‌లో పెట్టినవన్నీ జానెడు లోతు పెట్టెలే. లోతనేది ఒకటుందని ఆలోచించే అవసరమే ఆ ఆఫీసులో ఎవరికీ రాలేదు, ఒక్క ఫోనక్కకి తప్ప. ఆవిడ ఊరుకోలేదు. మధ్యాహ్నం కొలత టేపు పట్టుకుని కొలిచి, కట్టుబాటు ప్రకారం తలుపు మీద రాసింది. "తలుపు మీద రాశానండీ, ఒకసారి చూడండి" అని ఆయనతో చెప్పింది కూడా. ఆయన ఫోన్‌లో ఎవరికో తప్పు దిద్దుకునే మెమొరీ గురించి చెబుతూ, మాట ఆపకుండానే తలుపు తీసి, టేపు కింద టిక్కు కొట్టి, తలుపు మూసేశాడు. చదవలేదు. ఆ సాయంత్రం ఆర్డర్ వెళ్ళింది.

ఇరవై రోజులకి సర్వరు వచ్చింది. పొద్దున్న పదింటికి అట్టపెట్టె కోశారు. లోపలినుంచి తళతళలాడుతూ ఒక పొడుగాటి ఇనప పలక లాంటిది బయటపడింది. కొత్త పెళ్ళికొడుకుని చూసినట్టు అందరూ చుట్టూ మూగారు. క్యాబినెట్ తలుపు తెరిచి, దాని మీది టేపుల వైపు ఎవరూ చూడకుండానే పాత తీగలు పక్కకి తీశారు, సర్వరుని మోసే ఇనప పట్టాలు బిగించబోయారు, అవి పట్టలేదు. సరే చేతుల మీదే పెట్టి చూద్దామని ఆయనా ఇంకో పనివాడూ ఎత్తి లోపలికి తోశారు. సర్వరు వెనక భాగం వెళ్ళి గోడకి టక్కున తగిలింది. ముందు భాగం జానెడుకి పైగా బయటికి నిలబడింది, ఇరుకు బెంచీ మీద పొడుగు మనిషి పడుకుంటే కాళ్ళు బయటికి వచ్చినట్టు.

సరఫరా వాళ్ళకి ఫోన్ చేస్తే, అడిగి చేయించుకున్న సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నారు.

"కొలతలు ఎవరు తీశారు?" అంది చెల్లెలు.

ఆయన సర్వరు అంచు పట్టుకుని ఉన్నాడు.

"ఫోనక్క తీసింది" అన్నాడు.

అబద్ధం కాదు. ఫోనక్కే తీసింది. అక్కడితో ఆపేశాడు.

ఫోనక్క ముఖం పాలిపోయింది. "మేడమ్, ఒక్కసారి ఆ తలుపు—" అని ఏదో అనబోయింది. ముందు గదిలో ఫోన్ మోగింది. ఎత్తాల్సింది ఆవిడే. వెళ్ళింది. అవతల ఎవరో నెట్ రావట్లేదని పావుగంట తిట్టారు. ఆవిడ తిరిగి వచ్చేసరికి సర్వరుని గోనెసంచి పరిచి నేల మీద పడుకోబెట్టారు, చెల్లెలు తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఫోన్ పని ఫోన్ పనే, మిషన్ పని మిషన్ పనే" అంది చెల్లెలు తల ఎత్తకుండా. "లోపలి గది సంగతి ఇప్పుడు వద్దులే."

ఆయన గోడ అవతలే ఉండి విన్నాడు. నోరు తెరిస్తే ఒక్క మాట. "నాకు చెప్పింది, నేనే వినలేదు." ఎంతసేపు పడుతుంది? తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడే తప్ప పెదవి కదపలేదు.

సాయంత్రం ఆరింటికి ఆఫీసు మూసేటప్పుడు, దీపాలు చూడబోయి క్యాబినెట్ తలుపు తీశాడు. కంటికెదురుగా టేపు. "లోపలి లోతు 18 అంగుళాలు. కొత్త సర్వరు 29 అని కాగితంలో ఉంది. పట్టదు. ఇంజనీరు గారు చూడాలి." కింద తేదీ, "ఫో" అని పొడి అక్షరం. దాని కింద ఆయన టిక్కు, కొడవలి తోకతో సహా.

ఇప్పుడు ఆయన చేసిన పని చెప్పడానికి నాకే నోరు రావడం లేదు. గోటితో టేపు అంచు లేపి, మెల్లగా ఊడబీకి, చొక్కా జేబులో కుక్కుకున్నాడు. కట్టుబాటు పెట్టింది ఆయనే. కంచే చేను మేసింది.

మర్నాడు పొద్దున్న ఫోనక్క మిషన్ గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి గానీ మూసిన చప్పుడు వినిపించలేదు. ఆవిడ బయటికొచ్చి ఆయన పక్కనుంచే వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఏమీ అనలేదు. అంటే బాగుండునని ఆయనకి అనిపించింది. తిడితే ఇంకా బాగుండును.

ఆ తర్వాత ఆయన బతుకు మింగలేక కక్కలేక సాగింది. ఎవరు ఏ మాటన్నా తననే అన్నట్టు ఉండేది. "సర్వరుకి మంచి గ్రహణం పట్టింది" అని ఒకడు నవ్వితే ఈయన భుజాలు తడుముకునేవాడు. ముందు గదిలోంచి వెళ్ళాల్సి వస్తుందని సందులో ఉన్న వెనక గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టాడు. ఆ సందులో పిల్లులు తప్ప ఎవరూ నడవరు. మూడో రోజున చెల్లెలు, "ఫోనక్క ఈ నెలాఖరుకి మానేస్తానంటోంది. ఆ మాత్రం మాటకే అంత పౌరుషమా అన్నయ్యా?" అంది. "అదే, నాకూ అర్థం కావట్లేదు" అన్నాడు ఆయన.

చూశారా. ఇన్నాళ్ళూ నిజాన్ని సగంలో ఆపినవాడు, ఆ రోజు నిఖార్సైన అబద్ధం ఆడేశాడు.

ఇంట్లో ఆవిడకి సర్వరు పట్టలేదనీ, ఫోనక్క మానేస్తానంటోందనీ మాత్రం తెలుసు. "మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలంటారు, మీ సర్వరుకి ఎవరూ చెప్పలేదా?" అని ఆటపట్టించింది. ఆయన నవ్వలేదు. సగం అన్నం వదిలేసి లేచాడు. ఆవిడ కంచం వైపు చూసింది, ఆయన వైపు చూసింది, ఊరుకుంది.

సెలవు రోజు ఆవిడ బట్టలు నానబెడుతూ జేబులు తడిమింది. టేపు ముక్క జేబు గుడ్డకి లోపల అంటుకుపోయి ఉంది. మెల్లగా ఊడదీసి, వెలుతురులోకి వెళ్ళి చదివింది. రెండోసారి చదివింది. వంటింటి గోడ మీద క్యాలెండరు ఉంది. గ్యాసు బండ వచ్చిన తేదీల దగ్గరల్లా ఆయన టిక్కులే, కొడవలి తోకలతో. ఆవిడ టేపు పట్టుకుని వెళ్ళి ఆ టిక్కుల పక్కన పెట్టి చూసింది. ఇంకేం కావాలి.

ఆయన వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ వచ్చి టేపు ఆ పేపరు మీద పెట్టింది.

"ఫోనక్క మానేస్తానంటోందని మొన్న మీరే చెప్పారు. ఇందుకేనా?"

ఆయన టేపుని పేపరు మీదనుంచి తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇది తలుపు మీద ఉండాల్సింది కదా. మన చొక్కాలోకి ఎలా వచ్చింది?"

"తీసేశాను" అన్నాడు ఆయన. ఆ ఒక్క మాటా పూర్తిగా నిజం. వారం రోజుల్లో మొదటిది.

ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది. కోప్పడలేదు, ఏడవలేదు. తడి చేతులు చీరకి తుడుచుకుంది.

"ఇంజనీరు గారి భార్యండీ అని ఎవరైనా అంటే మురిసిపోయేదాన్ని. మీరు చదువుకోలేదని నాకు తెలియదా? అయినా మురిసిపోయేదాన్ని, మనిషి గట్టివాడు కదా అని. ఇందాక బట్టలు ఆరేస్తుంటే పక్కింటావిడ పిలుస్తుందేమోనని భయమేసింది. ఆ పేరుతో పిలుస్తుందేమోనని."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులోకి దిగిపోదును అనుకున్నాడు. వరండా గచ్చు గట్టిది, ఎక్కడా చీలలేదు.

మర్నాడు ఆయన ముందు గుమ్మంలోంచే వెళ్ళాడు. ఫోనక్క ముందునుంచి నడిచి, చెల్లెల్ని పిలిచి, "ఇద్దరూ ఒకసారి లోపలికి రండి" అన్నాడు. క్యాబినెట్ తలుపు బార్లా తీశాడు. టేపుల మధ్య ఒక చోట కాస్త ఖాళీ, చుట్టూ దుమ్ము ఉండి అక్కడ మాత్రం శుభ్రంగా. జేబులోంచి టేపు తీసి అక్కడ పెట్టాడు. నిలవలేదు, జిగురు పోయింది. కింద పడింది. వంగి తీశాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. అప్పుడు కొత్త టేపు రెండు ముక్కలు చింపి, దాని అటూ ఇటూ అంటించి నిలబెట్టాడు. ఇంతసేపూ ఇద్దరాడవాళ్ళూ చూస్తూనే ఉన్నారు.

"ఆవిడ కొలిచింది. రాసింది. నాకు చెప్పింది. నేను చదవకుండా టిక్కు పెట్టాను. నువ్వు అడిగిన రోజున ఆవిడ పేరు చెప్పి ఊరుకున్నాను. ఆ సాయంత్రం దీన్ని పీకేసింది కూడా నేనే."

చెల్లెలు టేపు చదివింది. ఆమె ముఖంలో కోపం కంటే ముందు ఇంకేదో వచ్చింది. చిన్నప్పుడు డాబా మీద గాలిపటం అందుకోబోయి తను పడిపోతుంటే చెయ్యి పట్టుకున్న అన్నయ్య ఈయనే.

"నాతో ఎందుకు చెబుతున్నావు? మాట పడింది నేనా?" అంది.

ఆయన ఫోనక్క వైపు తిరిగాడు. కళ్ళెత్తి చూడలేకపోయాడు, ఆవిడ చెప్పుల వైపు చూస్తూ అడిగాడు.

"తప్పయిపోయిందమ్మా. ఆ రోజు నువ్వు తిరిగొచ్చి అయినా ఎందుకు చెప్పలేదు?"

"చెప్పడమెందుకండీ? నేను చేరిన వారం మీరేగా అన్నారు, తలుపు మీద రాస్తే నోరు తెరవక్కర్లేదని. ఎవరో ఒకరు తలుపు తీస్తారు, చదువుతారు, అని ఊరుకున్నాను." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, ఫిర్యాదు రాసుకునేటప్పుడు ఉన్నట్టే. "మర్నాడు చూస్తే అది లేదు. మేడమ్ మాటన్నారని మానేద్దామనుకోలేదండీ. ఆ ఖాళీ చూశాక అనుకున్నాను. ఇంకెక్కడ రాయను, ఏం రాసి ఏం లాభం అనిపించింది."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఇక్కడ ఎంత కడిగినా పోయేలా లేదు.

చెల్లెలు ఫోనక్క చెయ్యి పట్టుకుంది. "నన్ను కూడా క్షమించు. నేనూ తలుపు వైపు చూడలేదు. నేల మీద నిలబెట్టే పెద్ద క్యాబినెట్ తెప్పిస్తాను, కొలతలు నువ్వే తియ్యి. ఇవాళ్టినుంచి ఈ గదిలోనే ఉండు. మానొద్దు."

ఫోనక్క తలుపు మీద టేపు వైపు చూసింది. తర్వాత ముందు గదిలోకి వెళ్ళి, సొరుగు తీసి, అట్ట వేసిన నోటుపుస్తకం తెచ్చుకుంది.

"మరి ఫోన్ ఎవరు ఎత్తుతారు?" అంది చెల్లెలు.

"నేను ఎత్తుతాను" అన్నాడు ఆయన.

ఆ కుర్చీ ఆయనకి ఇరుకుగా ఉంది. మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. నాలుగేళ్ళు ఆవిడ ఇందులోనే కూర్చుందా అనుకున్నాడు. లోపలినుంచి కొలత టేపు సర్రుమని లాగిన చప్పుడు వినిపిస్తోంది. ఫోన్ మోగింది. అవతల గొంతు ముసలిది, తెలిసినది, లెక్కల మాస్టారిది.

"ఇంజనీరు గారున్నారా? కాస్త పిలవండమ్మా."

ఎప్పుడూ ఎత్తే ఆవిడే ఎత్తిందనుకున్నారు మాస్టారు. ఆయన ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, లోపలి గది వైపు తిరిగాడు. "ఇంజనీరు గారు కావాలట. నిన్నే. ఆ పేరు ఇక నీదే."

కొలత టేపు చప్పుడు ఆగింది.

"నాకొద్దండీ ఆ పేరు" అంది ఫోనక్క లోపలినుంచి. "ఫిర్యాదు ఏమిటో రాసుకోండి చాలు."

ఆయన ఫోన్ మీది చెయ్యి తీసేశాడు.

"ఇక్కడ ఇంజనీరు ఎవరూ లేరండీ, మాస్టారూ. నేను తీగల పని చేసేవాణ్ణి. పళ్ళతో కొరికినవాణ్ణి. చెప్పండి, రాసుకుంటాను."

అవతల మాస్టారు నవ్వబోయి, ఎందుకో ఆగి, నెట్ రావట్లేదని చెప్పారు. ఆయన తెల్ల టేపు ముక్క చింపి, వీధి పేరు, వేళ, తేదీ రాసి, చదివి, మళ్ళీ ఒకసారి చదివి, తలుపు మీద అంటించమని లోపలికి అందించాడు.